కుండీ కింద చేతులు

క్రోటన్ మొక్కకు తాను ఏమవుతాడో పదిహేను రోజుల్లోగా రుజువుతో సహా రాసివ్వాలనీ, లేనిపక్షంలో సదరు మొక్కను తన్నే కుండీల విభాగానికి బదిలీ చేస్తామనీ గంగిశెట్టి అబ్బులుకు నోటీసు వచ్చింది. రెండు ప్రతులు వచ్చాయి, ఒకటి అతనికి, ఒకటి మొక్కకు. అబ్బులు తన ప్రతికి సంతకం చేశాడు. మొక్క ప్రతికి పోస్ట్‌మాన్ వరండాలోకి వెళ్లి, కింది ఆకునొకదాన్ని సిరా మెత్తకు అద్ది ముద్ర వేయించుకున్నాడు. ఆకును వేలిముద్రలా అటూ ఇటూ దొర్లించాలని అతనికి తెలుసు. సినిమావాళ్లుండే కృష్ణానగర్ బీటులో పనిచేసే పోస్ట్‌మాన్‌కు ఆ మాత్రం తెలియకుండా ఉండదు.

సినిమాలో మొక్కతో పాటు కనబడే మనిషెవరైనా ఆ మొక్కకు తానేమవుతాడో ముందుగా ప్రకటించాలన్న నిబంధన వచ్చి అప్పటికి మూడేళ్లు. అంతకు ముందు ఎవరిష్టం వాళ్లది. ఏ హీరో అయినా ఏ చెట్టుకైనా ఆనుకుని ఏడ్చేవాడు, పేకప్ చెప్పగానే ఆ చెట్టు మొహం కూడా చూడకుండా కారెక్కేవాడు. ఇలాంటి వాటి మీద చెట్లు ఉమ్మడిగా అర్జీ పెట్టుకున్నాయి. వాటికి ఆర్టిస్టు కార్డులు వచ్చాయి, యూసుఫ్‌గూడలో ఒక మిఠాయి కొట్టు పైన రెండో అంతస్తులో వృక్ష నటీనటుల సంబంధాల బోర్డు వచ్చింది, ఏడో నంబరు ఫారం వచ్చింది.

ఫారంలో ఏడు గడులు ఉండేవి. తులసికోట చుట్టూ తిరిగే తల్లి పాత్రలకు భక్తి గడి. మల్లెపందిరి కింద ఎదురుచూసే కథానాయికకు స్నేహం గడి. చెట్టు చుట్టూ పరుగెత్తే జంటకు ప్రదక్షిణం గడి, అది పాటకు మూడు చుట్లకు మించకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉండేది. పెళ్లిపందిట్లో అరటిచెట్లకు సాక్ష్యం గడి. హీరో హీరోయిన్లు దగ్గరవుతుండగా వాళ్ల బదులు ఒకదాన్నొకటి తాకే పూలకు ప్రాతినిధ్యం గడి. ఆ పనికి ఒప్పుకునే పూలు ఈ మధ్య తగ్గిపోయాయి, నటులే ఆ పని చేసుకుంటున్నారు. పోయినవాళ్ల గుర్తుగా నాటిన మొక్కకు వారసత్వం, విలన్ తన్నే కుండీకి శత్రుత్వం. ఎనిమిదోది ‘ఇతరములు’ అని ఉండేది గానీ, అందరూ దానికే టిక్కు పెడుతున్నారని తీసేశారు.

బోర్డు ఊరికే లేదు. చిన్నపిల్లవాడు నాటిన మామిడిమొక్క పాట పల్లవికీ చరణానికీ మధ్య పెద్ద చెట్టయిపోయిన కేసు ఒకటి వచ్చింది. ఆ ఇరవై ఏళ్లూ తన సర్వీసులో కలపాలని చెట్టు పట్టుబట్టింది. పిల్లవాడి పాత్ర వేసినవాడూ, హీరో వేసినవాడూ వేరువేరు మనుషులనీ, చెట్టు మాత్రం ఒక్కటే పెరిగిందనీ బోర్డు తేల్చి, కలిపింది.

అబ్బులుది కడియం దగ్గర పల్లె. నర్సరీల మధ్య పుట్టినవాడు కనుక చిత్రసీమకు వచ్చినప్పుడు అతన్ని గ్రీనరీ విభాగంలో వేశారు. అక్కడే అతనికి ఈ క్రోటన్ దొరికింది. దాని కార్డులో క్రోటన్ నాలుగువందల పదిహేడు అని ఉంది, అబ్బులు బుల్లెమ్మ అంటాడు. బుల్లెమ్మ పందొమ్మిదేళ్లుగా డబ్బున్నవాళ్ల ఇంటి సెట్టులో మెట్ల పక్కన ఎడమవైపు నిలబడే పాత్ర చేస్తోంది. ఆ మెట్ల మీద నుంచి ఎందరో కూతుళ్లు దిగివచ్చి తాము ప్రేమించినవాడి పేరు చెప్పారు. ఆ మెట్ల కింద ఎందరో తండ్రులు గుండె పట్టుకున్నారు. బుల్లెమ్మ ఒక్కసారి కూడా కదల్లేదు. ఆ నిగ్రహం నటుల్లో చాలామందికి లేదని కెమెరామన్లే ఒప్పుకునేవారు.

అబ్బులు చేసేది పెద్ద పనేమీ కాదు. షాటుకు ముందు తడిగుడ్డతో ఆకులు తుడవడం, నీళ్లు పోయడం, ఆకుల లెక్క సరిచూడటం. బుల్లెమ్మకు ఒక సినిమాలో అరవై రెండు ఆకులుంటే ఆ సినిమా ముగిసేదాకా అరవై రెండే ఉండాలి. తండ్రి గుండె పట్టుకున్నప్పుడు అరవై రెండుండి, నేల మీద పడేసరికి అరవై ఒకటైతే జనం నవ్వుతారు. అందుకని అబ్బులు జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ దారం ఉండేది. రాలిన ఆకును తొడిమకు కట్టేసి, కెమెరా తిరిగేలోపు సోఫా వెనక్కి జారుకునేవాడు. కెమెరాకు కనబడకపోవడమే అతని పనితనం. పందొమ్మిదేళ్లలో అతని చెప్పు అంచు కూడా తెర మీద పడలేదని తోటివాళ్లు గొప్పగా చెప్పుకునేవారు.

షూటింగు లేని రోజుల్లో బుల్లెమ్మ వాళ్ల ఇంట్లోనే, ఒకటిన్నర గది వాటాలో ఉండేది. అతని భార్య మంగతాయారు బియ్యం కడిగిన నీళ్లు దానికే పోసేది. అబ్బులు అవుట్‌డోర్లకు పోయిన నెలల్లో ఇల్లూ బుల్లెమ్మా ఆమె మీదే ఉండేవి. నోటీసులో ఆమె ప్రస్తావన లేదు.

తన్నే కుండీల విభాగం గురించి కూడా చెప్పాలి. ఫైటు సన్నివేశాల్లో రౌడీలు ఎగిరొచ్చి పడే కుండీలు ఆ విభాగానివే. అక్కడ ఎవరికైనా సర్వీసు సగటున ఒక షాటు. సంబంధం తేలని మొక్కలను అక్కడికి పంపడానికి కారణం కక్ష ఏమీ కాదు, ఎప్పుడూ ఖాళీలు ఉండేది అక్కడే కాబట్టి.

అబ్బులు మర్నాడే బుల్లెమ్మను చంకనెత్తుకుని బోర్డుకు వెళ్లాడు. సెక్షన్ ఆఫీసరు యాదగిరి మంచివాడు. మంచివాళ్లకు ఉండే ఇబ్బంది అతనికీ ఉండేది, నిబంధనలన్నీ నోటికి వచ్చు. ఫారం అటూ ఇటూ తిప్పి, బుల్లెమ్మ నటించిన సినిమాల్లోంచి తీసిన బొమ్మలన్నీ ముందేసుకుని వెతికాడు.

“ఫ్రేముల నువ్వెక్కడ ఉన్నవన్నా?” అన్నాడు.

“బయటండి. సోఫా ఎనకాల.”

“బయట ఉన్నోనికి సంబంధం ఎట్ల రాయాలె? ఈ ఫారం సినిమాది. సినిమాల నువ్వు లేవు.”

“పందొమ్మిదేళ్ల నుంచీ ఉన్నానండి.”

“ఉన్నవ్. కనబడతలేవ్.”

బుల్లెమ్మ కంటే తన గుండెకాయకు దగ్గరగా ఉన్నది ఇంకేదీ లేదని చెప్పాలని అబ్బులుకు ఉంది. ఆ మాట పెళ్లాం ముందు కూడా ఎన్నడూ అనలేదు, ఆఫీసరు ముందు ఏమంటాడు. యాదగిరే దారి చూపించాడు. ఏదైనా సినిమాలో ఒక్క షాటులో మొక్క పక్కన కనబడి ఆ బొమ్మ తెస్తే చాలు, గడి సంగతి తర్వాత చూసుకోవచ్చు. పదిహేను రోజుల్లో ఒకటి పోయింది, పద్నాలుగున్నాయి.

అప్పుడు జరుగుతున్న సినిమాలో కూతురు డ్రైవర్ని పెళ్లాడిన వార్త విని తండ్రి గుండె పట్టుకునే సన్నివేశం మిగిలుంది. దర్శకుడు ఇబ్బంది పెట్టే మనిషి కాడు. సంగతంతా విని, తోటమాలి వేషం ఇస్తాననీ, తండ్రి మెట్లు దిగుతున్నప్పుడు మొక్క పక్కన నిలబడి చూస్తే చాలనీ, మాటలేవీ ఉండవనీ చెప్పాడు. అబ్బులు తలకు పాగా చుట్టారు. లైట్లు వెలిగాయి. అసిస్టెంటు అమ్మాయి ఆకులు లెక్కపెట్టి అరవై రెండు అంది. దర్శకుడు యాక్షన్ అన్నాడు.

చూస్తే అబ్బులు సోఫా వెనక ఉన్నాడు. యాక్షన్ అనగానే అందరూ నటించడం మొదలుపెడతారు, అతను మాయమవడం మొదలుపెడతాడు. అలవాటైన ప్రాణం. క్షమించమని చేతులు జోడించి మళ్లీ వచ్చి నిలబడ్డాడు. రెండో టేకులో డైనింగు టేబుల్ కింద దొరికాడు. మూడోసారి కెమెరా వెనక ఉన్నాడు, అటు ఎలా వెళ్లాడో చూసినవాళ్లు లేరు. నాలుగోసారి అతని పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు, గీత మాత్రం ఉంది. ఐదోసారి తండ్రి వేషం వేస్తున్న పెద్దాయన స్వయంగా అతని మణికట్టు పట్టుకున్నారు. షాటు అయ్యాక చూసుకుంటే ఆయన పట్టుకున్నది లైట్‌మాన్ చెయ్యి. తాను ఎప్పుడు వచ్చి ఆ చెయ్యి ఇచ్చాడో లైట్‌మాన్‌కు కూడా తెలియలేదు.

అబ్బులు సెట్టు మూలన కూర్చుని ఏడ్చాడు. మొక్క కోసం ఒక్క నిమిషం కనబడలేకపోతున్నానని ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు, ఆ సెట్టులో ఉన్న ఎనభై మందిలో డెబ్భై మంది కనబడకుండా ఉండటమే పనిగా పెట్టుకున్నవాళ్లు.

ఆరో టేకుకు దర్శకుడికి ఒక ఉపాయం తట్టింది. కుండీని నేల మీద పెట్టకుండా అబ్బులు చేతుల్లో పెట్టమన్నాడు. కుండీ చేతుల్లో ఉండగా అతను వదిలిపోడని ఆయన ఊహ. ఊహ నిజమైంది. యాక్షన్ అనగానే అబ్బులు ఒంట్లో ప్రతిదీ పారిపోయింది గానీ చేతులు పారిపోలేదు. తల, మెడ, నడుము, కాళ్లు అన్నీ ఫ్రేము అంచు దాటి సోఫా వైపు వంగిపోయాయి. బుల్లెమ్మ కింద మోచేతుల వరకు రెండు చేతులు మిగిలాయి. తండ్రి గుండె పట్టుకున్నారు, ఆకులు అరవై రెండూ ఉన్నాయి, దర్శకుడు ఓకే అన్నాడు. పెద్దాయన డేట్లు ఆ పూటతో అయిపోతున్నాయి, ఏడో టేకు మాటే లేదు.

ఆ బొమ్మ మీద బోర్డులో విచారణ జరిగింది. ముగ్గురు సభ్యులు, యాదగిరి, అబ్బులు, బల్ల మీద బుల్లెమ్మ. సాక్షిగా మంగతాయారు వచ్చింది. ఈ చేతులు ఎవరివని అడిగితే ఆమె బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసి, ఎడమ బొటనవేలి గోరు కొమ్మల కత్తెర పడి చీలిందనీ, ఆ కట్టు కట్టింది తనేననీ చెప్పింది. చేతులు అబ్బులువేనని రికార్డు చేశారు. అక్కడితో అయిపోయిందనుకుంది ఆవిడ.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇద్దామనే అనుకున్నాడు, మూడో నిబంధన అడ్డం వచ్చింది. ఆ నిబంధన ప్రకారం ముఖం కనబడితేనే మనిషి కింద లెక్క. ముఖం లేనివన్నీ ఆర్ట్ విభాగం సామాన్ల జాబితాలోకి వెళతాయి. సభ్యులు బొమ్మను చాలాసేపు చూశారు. మొక్క కింద ఉండి, మొక్కను మోస్తూ, ముఖం లేనిది ఏదై ఉంటుందని ఒక సభ్యుడు అడిగాడు. కుండీ స్టాండై ఉంటుందని ఇంకొకాయన అన్నాడు. జాబితాలో స్టాండుకు గడి ఉంది. పైగా, కుండీని ఎక్కడికి బదిలీ చేసినా స్టాండుతో సహా చేయాలనీ, స్టాండున్న కుండీని ఫైటు సన్నివేశాలకు వాడరాదనీ పద్నాలుగో నిబంధన చెబుతోంది. స్టాండు విరిగితే మళ్లీ దొరకదని పెట్టిన నిబంధన అది.

యాదగిరి మొహం వెలిగింది. కలం తీశాడు.

“మనిషివని రాస్తే మొక్క పోతదన్నా. స్టాండని రాస్తే ఉంటది. ఏది రాయమంటవ్?”

అబ్బులు ఆలోచించాడు. “మొక్కకి నీళ్లు పోసే అక్కు స్టాండుకి ఉంటాదాండి?”

యాదగిరి పుస్తకం తిరగేశాడు. పోయకూడదని ఎక్కడా లేదు. కుండీ నుంచి కారిన నీళ్లు పట్టుకునే బాధ్యత మాత్రం ఉంది.

“అయితే రాసెయ్యండి,” అన్నాడు అబ్బులు.

ఇక మొక్క ఒప్పుకోవాలి. మొక్క ఒప్పుకుంటే ఒక ఆకు రాలుస్తుంది, ఆ ఆకును ఫైలుకు కుట్టేస్తారు. మామూలుగా దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒక వేపచెట్టు ఫలానా హీరోతో స్నేహానికి ఒప్పుకోవడానికి శిశిరం దాకా ఆగింది. సభ్యులు టీలు తెప్పించుకున్నారు. బుల్లెమ్మ పదకొండో నిమిషంలో ఆకు రాల్చింది, అదీ పైనున్న నిగనిగలాడే ఆకు. బోర్డు చరిత్రలో అంత తొందరగా ఎవరూ ఒప్పుకోలేదు.

అబ్బులు కళ్లు నిండాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. వంగి ఆకు తీసి, జేబులోంచి ఆకుపచ్చ దారం లాగి తొడిమకు కట్టబోయాడు. యాదగిరి మెల్లగా ఆపాడు.

“ఆగన్నా. అది ఫైలుది.”

ఆ రోజు నుంచి అబ్బులు స్టాండు. అతని చొక్కా వీపు మీద తెల్ల రంగుతో నాలుగువందల పదిహేడు, పక్కన ఎ అని రాశారు. యూనిట్ బస్సులో సీటు పోయింది, లారీలో బుల్లెమ్మ పక్కన చోటు వచ్చింది. లారీలో అతని చుట్టూ గోనెపట్టా చుట్టి, రాసుకోకుండా కట్టేవాళ్లు. దింపేటప్పుడు నలుగురు పట్టుకుని, జాగ్రత్త జాగ్రత్త అనుకుంటూ దింపేవాళ్లు. సెట్టులో తన గురించి ఎవరైనా జాగ్రత్త అనడం పందొమ్మిదేళ్లలో అదే మొదలు, అతనికి అది బాగుంది. ఎవరూ ఏయ్ అని పిలవడం లేదు. రోజుకు రెండుసార్లు పొడిగుడ్డతో తుడుస్తున్నారు. నడుము నొప్పి అంటే కార్మికుల అసోసియేషన్‌లో ఎవరూ పట్టించుకునేవారు కాదు, స్టాండు ఒక పక్కకు ఒరిగిందని తెలియగానే ఆర్ట్ విభాగం నుంచి మనిషి వచ్చి మర్దనా చేసి వెళ్లాడు.

భోజనం దగ్గర చిక్కొచ్చింది. స్టాండ్లు తినవు కనుక ప్రొడక్షన్ వాళ్లు ప్లేటు ఆపేశారు. స్టాండుకు రోజూ మధ్యాహ్నం పాలిష్ అవసరమని మంగతాయారు అర్జీ పెట్టుకుంది. ఎవరి పాలిష్ వాళ్లే తెచ్చుకోవాలన్న షరతు మీద బోర్డు అనుమతించింది. ఆమె రోజూ పన్నెండున్నరకు క్యారియర్‌లో పప్పన్నం, ఆవకాయ, మజ్జిగ తెచ్చి పాలిష్ చేసి వెళ్లేది. గేటు దగ్గర రిజిస్టరులో వచ్చిన పని అన్న చోట అదే రాసేది. మొదట్లో ఆమెకు చిన్నతనంగా ఉండేది.

“నువ్వు స్టాండయితే నేనెవర్నయ్యా మరి?” అని ఒకరోజు అడిగింది, మజ్జిగ పోస్తూ.

అబ్బులు రెండు చేతులూ బుల్లెమ్మ కింద ఉన్నాయి. ఆమే ముద్దలు పెడుతోంది. అతను నవ్వి, అదేం ప్రశ్న అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

సినిమా విడుదలైంది. మంగతాయారు మ్యాట్నీకి ఒక్కతే వెళ్లింది, ఎందుకంటే స్టాండుకు ఆ రోజు వేరే సెట్టులో పని ఉంది. తండ్రి మెట్లు దిగారు. ఎడమవైపు బుల్లెమ్మ నిలబడి ఉంది, దాని కింద నాలుగు సెకన్ల పాటు ఆ చేతులు కనబడ్డాయి, గోరు చీలిక కూడా కనబడింది. ఆమెకు గర్వంగానే ఉంది, కళ్లు తుడుచుకుంది. వెనక వరసలో ఎవరో ఇల్లాలు ఆ కుండీ స్టాండు ఎంత బాగుందో, మనింటికీ అలాంటిదొకటి తీసుకుందామని భర్తతో అంది. మంగతాయారు వెనక్కి తిరిగి, అది బయట దొరకదమ్మా అని చెప్పింది. చివర్లో పేర్లు పడ్డాయి. బుల్లెమ్మ పేరు మొక్కల్లో మూడోది. స్టాండ్ల పేర్లు వేసే ఆనవాయితీ లేదు.

ఆ ఎండాకాలమే ఇంటింటి లెక్కలు రాసుకునే ఉద్యోగి వచ్చాడు. మంగతాయారు అప్పుడే గది తుడిచి ఉంది. తడి ఆరలేదు, ఆయన గుమ్మం దగ్గర కొంచెం తటపటాయించి, చెప్పులతోనే లోపలికి వచ్చాడు. ఇంటి యజమానిగా అబ్బులు పేరు రాసుకున్నాడు. ఏం చేస్తారని అడిగాడు. స్టాండండి అని చెప్పింది. ఆయన తల ఎత్తకుండానే రాసుకున్నాడు. ఈ సందులో ఇప్పటికే రెండు నిచ్చెనలు, ఆరు లైటు స్టాండ్లు, ఒక వాన పైపు వచ్చాయనీ, మొన్న పక్క వీధిలో ఒకాయన గాలి అని రాయించుకున్నాడనీ చెప్పాడు. హీరోయిన్ల జుట్టు ఎగరడానికి ఫ్యాను తిప్పేవాడట.

“మరి మీరేమవుతారమ్మా?”

“ఆయన భార్యనండి,” అనబోయి మంగతాయారు ఆగింది. స్టాండుకు భార్య ఉండటం కుదురుతుందో లేదో ఆమెకు తెలియదు. తెలిసింది చెప్పింది. “మొక్కని ఆయన మోత్తారండి. ఆయన్ని నేను మోత్తానండి.”

ఉద్యోగికి ఇందులో చిక్కేమీ కనబడలేదు. “స్టాండు కింద ఉండేది నేలేనమ్మా,” అన్నాడు. కాగితాలు తిప్పి ఆడవాళ్ల పేజీ తీశాడు. నేల అన్న గడి అందులో ముందే అచ్చయి ఉంది, అన్నింటికంటే పైన.

మంగతాయారు కాసేపు ఆ గడి వంక చూసింది. మొక్క ఒప్పుకోవాలంటే ఆకు రాల్చాలన్నారనీ, మరి దీనికి తాను ఏమివ్వాలనీ అడిగింది.

“నేల ఒప్పుకోనక్కర్లేదమ్మా,” అన్నాడాయన, టిక్కు పెడుతూ. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, పక్కవాటాలోకి వెళ్లాడు. తడి గచ్చు మీద గుమ్మం నుంచి గదిలోకీ, గదిలోంచి గుమ్మానికీ ఆయన చెప్పుల అచ్చులు వరసగా పడి ఉన్నాయి. మంగతాయారు గుడ్డ తెచ్చుకుని మళ్లీ తుడిచింది. పన్నెండు కావస్తోంది, పాలిష్ పట్టుకెళ్లాలి.